గాలిలో వచ్చేది వైరులో ఎందుకు రాదు?

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇల్లన్న తర్వాత ఏదో ఒకటి చెడుతూనే ఉంటుంది. మిక్సీ తిరక్కపోతే బుష్ అరిగిందేమో అనుకుంటాం. కుక్కరు కూత వేయకపోతే గాస్కెట్ చూస్తాం. కుళాయి కారితే వాచర్ మారుస్తాం. ఇవేవీ మనకు బడిలో నేర్పలేదు, చేసి చేసి తెలిసినవే. కానీ ఇంట్లో నెట్టు ఆగిపోయిందంటే మాత్రం చాలామందిమి రెండడుగులు వెనక్కు వేస్తాం. "ఆయన రానీ, చూస్తాడు" అంటాం. ఆయన వచ్చి కేబుల్ అబ్బాయికి ఫోన్ చేస్తాడు. ఆ అబ్బాయి వచ్చేది ఎల్లుండి.

ఈరోజు నేను చెప్పబోయేది అటువంటి ఒక చిక్కు గురించి. మీలో చాలామంది చూసే ఉంటారు. ఫోనులో వైఫై మీద అన్నీ చక్కగా వస్తుంటాయి. అదే ఇంట్లో, అదే డబ్బా నుంచి వైరు లాగి కంప్యూటరుకు పెట్టుకుంటే కొన్ని వెబ్‌సైట్లు రావు. తెల్లటి పేజీ, పైన తిరిగే చక్రం, అంతే. వైరంటే గట్టిది, గాలిలో వచ్చేది బలహీనమైనది అని గదా మన లెక్క! మరి గట్టిదాంట్లో రానిది బలహీనమైనదాంట్లో ఎట్లా వస్తుంది?

ఇదేమంత పెద్ద సంగతా, ఫోనులో వస్తుంది గదా, ఫోనులోనే చూసుకుంటే పోలా అంటారేమో. పులివెందులలో మా చెల్లెలి కూతురి సంగతి చెబుతాను వినండి. ఎంసెట్‌ను మన రాష్ట్రంలో 2021 నుంచి ఈఏపీసెట్ అంటున్నారు. ఆ పరీక్ష రాసిన పిల్లలు ర్యాంకు వచ్చినాక ఏ కాలేజీ, ఏ కోర్సు కావాలో వరుసగా కంప్యూటరులో పెట్టుకోవాలి. దాన్ని వెబ్ ఆప్షన్లంటారు. వరుసలో ముందు ఏది పెడితే ముందు దాన్నే చూస్తారు. చిన్న ఫోను తెర మీద అన్ని కాలేజీల కోడ్లు పైకీ కిందకీ జరుపుతూ కూర్చుంటే వేలు జారి ఏది ఏమవుతుందోనని ఆ పిల్లకు భయం. అందుకే కంప్యూటరు ముందు కూర్చుంది. ఆఖరి రోజు సాయంత్రం. వార్తల సైటు వస్తుంది, వెతుక్కునే పేజీ వస్తుంది, ఒక్క కౌన్సెలింగ్ సైటు మాత్రం రాదు. "సైటే పడిపోయిందిలే" అన్నాడు వాళ్ల నాన్న. మరి ఫోనులో ఎట్లా వస్తుంది? కడపకు బస్సెక్కి నెట్ సెంటరుకు పోదామా అన్నదాకా వచ్చింది వ్యవహారం. నాలుగేండ్ల చదువు, నాలుగేండ్ల ఫీజు, ఆడపిల్ల ఎంత దూరం పోయి చదవాలి అన్న మాట, అన్నీ ఆ గంటలో ఆ తెల్ల పేజీ మీద ఆధారపడి ఉన్నాయి.

వాళ్ల వీధిలో పాలిటెక్నిక్ చదివే పిల్ల ఒకతె వచ్చి ఐదు నిమిషాల్లో పని జరిపించింది. ఏం చేసిందంటే, కంప్యూటరుకున్న నెట్టు వైరు పీకేసింది. ఫోనును ఛార్జింగ్ వైరుతో కంప్యూటరుకు తగిలించి, ఫోను సెట్టింగులలో హాట్‌స్పాట్ ఉండే చోట యూఎస్‌బీ టెథరింగ్ అనే మీట నొక్కింది. ఫోనుకు వచ్చే నెట్టు కంప్యూటరుకు వచ్చేసింది. పెద్ద తెర మీద హాయిగా ఆప్షన్లు పెట్టుకుంది మా పిల్ల. మీరు ఈ ప్రసంగంలో ఇంకేమీ గుర్తుపెట్టుకోకపోయినా ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. అత్యవసరంలో ముందు పని జరగాలి, జబ్బేమిటో తర్వాత చూసుకోవచ్చు. ఒకటి మాత్రం చూసుకోవాలి. ఆ ఛార్జింగ్ వైరు డేటా పోయే వైరై ఉండాలి. చౌకరకం వైర్లు కొన్ని కరెంటు మాత్రమే మోస్తాయి.

జబ్బు మర్నాడు తెలిసింది. ఆ కంప్యూటరు ఒక బడి వాళ్లు పాతవి అమ్మేస్తుంటే కొన్నది. బడిలో ఉన్నప్పుడు పిల్లలు ఆటల జోలికి పోకుండా ఎవరో దాని వైరు కనెక్షనుకు ఒక కాపలా పెట్టినారు. ఆ కాపలా తనకు తెలియని కొత్త సైట్లన్నిటికీ అడ్డం పడుతుంది. కంప్యూటరు చేతులు మారింది గానీ కాపలావాడు మారలేదు.

ఇది అర్థం కావాలంటే ఒక చిన్న సంగతి తెలియాలి. మనం వెబ్‌సైటు పేరు కొడతాం. కానీ నెట్టులో పేర్లతో పని జరగదు, అంకెలతో జరుగుతుంది. పేరు చెబితే అంకె చెప్పే పుస్తకం ఒకటి ఉంటుంది. దాన్ని డీఎన్ఎస్ అంటారు. పోస్టుమ్యాన్ కొత్తగా వచ్చినప్పుడు "ఫలానా వాళ్లిల్లు ఎక్కడమ్మా" అని వీధి మొదట్లో ఉన్న కిరాణా అంగట్లో అడుగుతాడు చూడండి, ఆ అంగడి లాంటిదన్నమాట. అంగట్లో వాళ్లు "అట్లాంటి ఇల్లు లేదు పో" అంటే, ఇల్లు ఉన్నా ఉత్తరం చేరదు. ఏ అంగట్లో అడగాలో మామూలుగా మన ఇంట్లో డబ్బానే కంప్యూటరుకు చెబుతుంది. కానీ ఎవరైనా చేత్తో ఒక అంగడి అంకె రాసిపెడితే కంప్యూటరు అక్కడే అడుగుతుంది, ఇంకెవరి మాటా వినదు.

ఇక్కడే అసలు కీలకం ఉంది. కంప్యూటరుకు వైరు తలుపు ఒకటి, గాలి తలుపు ఒకటి. రెండింటి సెట్టింగులు వేర్వేరు. వైరు తలుపు మీద రాసిన అంకె గాలి తలుపుకు వర్తించదు. అందుకే ఒకే కంప్యూటరులో వైఫై మీద వచ్చే సైటు వైరు మీద రాకపోవచ్చు. వైరు మంచిదే, డబ్బా మంచిదే, తలుపు మీద రాసిన రాతే తప్పు.

దీన్ని సరిచేయడం కష్టం కాదు. విండోస్ కంప్యూటరైతే నెట్‌వర్క్ కనెక్షన్లు అన్న చోటికి పోండి. అక్కడ ఈథర్‌నెట్ అని ఒక బొమ్మ, వైఫై అని ఒక బొమ్మ ఉంటాయి. ఈథర్‌నెట్ మీద కుడి మీట నొక్కి ప్రాపర్టీస్ తెరిచి, ఇంటర్నెట్ ప్రోటోకాల్ వెర్షన్ 4 అన్న వరుసను రెండుసార్లు నొక్కండి. పైన చిరునామా, కింద డీఎన్ఎస్ కనబడతాయి. రెండింటి దగ్గరా ఆటోమేటిక్ అన్న చుక్కే ఉండాలి. అంకెలు రాసి ఉంటే ముందు వాటిని ఒక కాగితం మీద ఎక్కించుకోండి, తర్వాతే ఆటోమేటిక్‌కు మార్చండి. కాగితం సంగతి నవ్వులాటకు చెప్పడం లేదు. ఆఫీసు వాళ్లు ఇచ్చిన కంప్యూటరైతే ఆ అంకెలు కావాలనే పెట్టి ఉంటారు, అప్పుడు వాళ్లనడగకుండా ముట్టుకోకూడదు. కనెక్షను ఒక కంపెనీ నుంచి ఇంకొక కంపెనీకి మార్చుకున్న ఇండ్లలో ఈ జబ్బు మరీ ఎక్కువ. పాత కంపెనీ అబ్బాయి రాసిపెట్టిపోయిన అంకెలు కొత్త డబ్బాకు సరిపడవు. వైఫై కొత్తగా పెట్టుకున్నది గనుక దానికి ఏ తగాదా ఉండదు.

అయితే ప్రతిదానికీ ఇదే మందని నేను చెప్పడం లేదు. జబ్బు కనుక్కోవడంలో ఒక పద్ధతి ఉంది. సాంబారు రుచి తప్పితే ఉప్పూ పులుసూ కారమూ మూడూ ఒకేసారి వేసి చూడం గదా! ఒకటి వేసి, కలిపి, రుచి చూస్తాం. ఇక్కడా అంతే. "ఫోనులో వైఫై మీద వస్తుంది, కంప్యూటరులో వైరు మీద రాదు" అన్నప్పుడు తేడా ఒకటి కాదు, రెండు. వైఫైకీ వైరుకీ ఉన్న తేడా ఒకటి, ఫోనుకూ కంప్యూటరుకూ ఉన్న తేడా ఒకటి. ఇంకొక మాయ కూడా ఉంది. ఫోనులో వచ్చేది నిజంగా వైఫై నుంచేనా? వైఫై నీరసంగా ఉంటే చాలా ఫోన్లు చెప్పకుండానే మొబైల్ డేటాకు మారిపోతాయి. కాబట్టి ముందు ఫోనులో మొబైల్ డేటా ఆపి చూడండి. అప్పుడు కూడా వస్తే వైఫైని నమ్మండి. తర్వాత అదే కంప్యూటరుకు వైరు పీకి, గాలి ద్వారానో ఫోను ద్వారానో నెట్టు ఇచ్చి చూడండి. అప్పుడు కూడా ఆ సైటు రాకపోతే వైరుకు పాపం ఏ తప్పూ లేదు.

జమ్మలమడుగులో మా వదినగారు జాకెట్లు కుడుతూ, పక్కనే జిరాక్సు మిషనూ కంప్యూటరూ పెట్టుకుని దరఖాస్తులు నింపి ఇస్తుంటారు. ఒకరోజు ప్రభుత్వ సైట్లు, బ్యాంకు సైట్లు ఒక్కటీ రావు. ఫోనులో అన్నీ వస్తాయి. ఎవరో చెబితే వైరు మార్చినారు. రాలేదు. ఇంకొకరు చెబితే ఇంకా ఖరీదైన వైరు తెచ్చి మళ్లీ మార్చినారు. అదీ రాలేదు. చివరకు చూస్తే కంప్యూటరులో తారీఖు కొన్నేండ్లు వెనక్కు పోయి ఉంది! కంప్యూటరు లోపల రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది, 2032 అని దాని మీదే రాసి ఉంటుంది. కరెంటు పోయినా తారీఖు మరిచిపోకుండా కాపాడేది అదే. అది అయిపోయింది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా కంప్యూటరు తన పుట్టిన రోజుల్లోకి వెళ్లిపోతుంది. ఇప్పటి సైట్లు తాళం వేసిన సైట్లు. ప్రతిదానికీ ఒక గుర్తింపు పత్రం ఉంటుంది, దానికి మొదలు తారీఖు, చివరి తారీఖు ఉంటాయి. కంప్యూటరు లెక్కలో ఆ పత్రం ఇంకా పుట్టనే లేదు. అందుకని తలుపు తీయలేదు. చిన్న బిళ్ల మార్చితే పోయే జబ్బుకు రెండు వైర్ల డబ్బు పోయింది.

పాత కంప్యూటర్లకు దీని తోబుట్టువు లాంటి జబ్బు ఇంకొకటి ఉంది. 2021 సెప్టెంబరు 30న లోకంలో లెక్కలేనన్ని సైట్లు ఆధారపడిన ఒక మూల పత్రానికి గడువు తీరిపోయింది. కొత్త పత్రం ముందే అందుకున్న ఫోన్లకు, కంప్యూటర్లకు ఏమీ కాలేదు. ఏండ్ల తరబడి అప్‌డేటు చేయనివి మాత్రం ఆ రోజు నుంచి కొన్ని సైట్లను అనుమానించడం మొదలుపెట్టినాయి. విండోస్ 7కు 2020 జనవరి 14తోనే మామూలు సంరక్షణ ఆగిపోయింది. మన ఊర్ల అంగళ్లలో అది ఇంకా తిరుగుతూనే ఉంటుంది. సెకండ్‌హ్యాండు కంప్యూటరు కొనవద్దని నేననను, మనబోటి వాళ్లకు అదే అందుతుంది. కొన్న రోజే మొత్తం తుడిచి కొత్తగా విండోస్ వేయించుకోండి. అమ్మినవాడే వేసి ఇవ్వాలని గట్టిగా అడగండి.

తెర మీద ఏం రాసి ఉందో చదవడం కూడా ముఖ్యమే. ఇంగ్లీషు గదా అని మూసేస్తాం. నేనూ మెట్రిక్ చదివినదాన్నే, అయినా నాలుగు మాటలు గుర్తుపెట్టుకుంటే చాలు. డీఎన్ఎస్ అన్న అక్షరాలు కనబడితే పేర్ల పుస్తకం తగాదా. క్లాక్ అనో, ప్రైవేట్ కాదు అనో ఉంటే తారీఖు, పత్రాల తగాదా. టైమ్డ్ అవుట్ అంటే అడిగినదానికి జవాబు రాలేదని, అప్పుడు వైరూ డబ్బా చూడాలి. ప్రాక్సీ అన్న మాట ఉంటే ఎవరో మధ్యవర్తిని పెట్టిపోయినారని. సెట్టింగులలో ప్రాక్సీ అన్న చోట ఆ మీట ఆపాలి.

ఇక నిజంగా వైరుదే తప్పయిన సందర్భం. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల ఊరు, వ్యాపారాల ఊరు, రెండో బొంబాయి అంటారు. అక్కడ నా స్నేహితురాలు ఒక బట్టల అంగట్లో లెక్కలు రాస్తుంది. 2017 జులై 1న జీఎస్టీ వచ్చినప్పటి నుంచి నెలనెలా రిటర్ను వేయాల్సినవాళ్లకు 20వ తేదీ అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. ఆ తారీఖు దాటితే ఆలస్య రుసుము. చిన్న పేజీలు వస్తాయి, పెద్ద పేజీ, బిల్లుల జాబితా ఎక్కించే పేజీ మాత్రం సగంలో నిలిచిపోతుంది. యజమాని ఫోనులో వైఫై మీద అంతా బాగుంది. ఆమె ఈథర్‌నెట్ స్టేటస్ తెరిచి చూసింది. వేగం 1 జీబీపీఎస్ అని ఉండాల్సిన చోట ఒకసారి 100 ఎంబీపీఎస్ అని, ఒకసారి 10 అని చూపిస్తుంది. వైరు వెంబడి చేయి వేసుకుంటూ పోతే బీరువా వెనుక ఎలుక కొరికిన చోటు దొరికింది.

ఆ వైరు లోపల ఎనిమిది సన్న తీగలుంటాయి, రెండేసి చొప్పున నాలుగు జతలుగా మెలేసి. 100 వేగానికి నాలుగు తీగలు చాలు. 1000 వేగానికి ఎనిమిదీ కావాలి. అందుకే ఒకటి రెండు తెగినా వైరు పూర్తిగా చావదు, కుంటుతూ నడుస్తుంది. ఈ కుంటే వైరుతోనే మోసం. చిన్న మూటలు దాటిపోతాయి, పెద్ద మూటలు చెడిపోయి మళ్లీ మళ్లీ పంపించుకోవాల్సి వస్తుంది. చివర పిన్ను కొట్టేటప్పుడు తీగల వరుస తప్పినా ఇదే కథ. మన వైపు ఎక్కువగా పెట్టే వరుస ఇది: నారింజ చారల తెలుపు, నారింజ, ఆకుపచ్చ చారల తెలుపు, నీలం, నీలం చారల తెలుపు, ఆకుపచ్చ, గోధుమ చారల తెలుపు, గోధుమ. ముగ్గులో చుక్కలు లెక్కపెట్టే మనకు ఇదొక లెక్కా! పిన్ను పారదర్శకంగానే ఉంటుంది, రెండు చివరలూ పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ ఒకటిగా ఉండాలి. వైరు కొనేటప్పుడు రాగిదా, అల్యూమినియం మీద రాగి పూతదా అని అడగండి. పూతది చౌక, త్వరగా విరుగుతుంది. ఒకే వైరు 100 మీటర్లకు మించి లాగకూడదు.

ఈథర్‌నెట్ అన్న పేరు వింటే నాకు నవ్వొస్తుంది. 1971లో హవాయి విశ్వవిద్యాలయం వాళ్లు సముద్రంలో దీవుల మధ్య కంప్యూటర్లను రేడియో తరంగాలతో కలిపినారు. ఆ పద్ధతి చదివి, 1973లో అమెరికాలో జెరాక్స్ కంపెనీలో పనిచేసే రాబర్ట్ మెట్‌కాఫ్ అదే ఆలోచనను వైరులోకి దించి ఈథర్‌నెట్ అని పేరు పెట్టినాడు. ఈథర్ అంటే పూర్వం శాస్త్రజ్ఞులు ఆకాశమంతా నిండి ఉందనుకున్న పదార్థం. అంటే వైరుకు కూడా ఆకాశం పేరే! రేడియోలో మాట్లాడేదాన్ని గనుక ఇది చెప్పకుండా ఉండలేకపోయినాను.

డబ్బా సంగతి కూడా ఒక మాట. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు మన రాష్ట్రంలో ఫైబర్ గ్రిడ్‌ను ప్రారంభించినారు. కరెంటు స్తంభాల మీదుగా గాజు తీగ వచ్చింది. అప్పట్లో నెలకు 149 రూపాయలతో మొదలుపెట్టి నెట్టూ టీవీ ఫోనూ మూడూ ఒకే తీగలో ఇచ్చినారు. ఇప్పుడు ఏ కంపెనీదైనా ఇంట్లో పెట్టే ఫైబర్ డబ్బాకు వెనుక ఒకటో రెండో, నాలుగో లాన్ రంధ్రాలుంటాయి. చూడటానికి అన్నీ ఒకటే. కానీ లోపల ఒకదాన్ని టీవీకే కట్టేసి ఉండవచ్చు. అందులో కంప్యూటరు వైరు దూర్చితే దీపం వెలుగుతుంది, నెట్టు రాదు. వైఫైకి ఆ కట్టడి లేదు గనుక ఫోన్లన్నీ పనిచేస్తాయి. ఇల్లు ఊడ్చేటప్పుడు వైర్లు పీకి మళ్లీ పెట్టిన మర్నాడే ఈ జబ్బు వచ్చిందంటే ఇంకేమీ చూడకండి, రంధ్రం మార్చి చూడండి. ఏ వైరు ఏ రంధ్రానిదో చిన్న కాగితం చుట్టి అంటించండి.

ఇంకొకటి రోంత కష్టమైనది. పేజీ పేరు వస్తుంది, పైన బొమ్మ వస్తుంది, ఆ తర్వాత రాదు. వైరు కొత్తది, తారీఖు సరైనది, పేర్ల పుస్తకం సరైనది. అప్పుడు మూట కొలత చూడాలి. వైరు మీద ఒక మూట 1500 బైట్లదాకా పోవచ్చు. కొన్ని కనెక్షన్లలో యూజర్ పేరు, పాస్‌వర్డు పెట్టి కలిసే పద్ధతి ఉంటుంది. దానికి 8 బైట్లు పోతాయి, మిగిలేది 1492. దారిలో తలుపు 1492 వెడల్పుంటే 1500 మూట ఇరుక్కుంటుంది. "చిన్నది చేసి పంపు" అన్న కబురు వెనక్కు రావాలి. కొన్ని చోట్ల ఆ కబురును భద్రత పేరుతో మధ్యలోనే ఆపేస్తారు. పంపినవాళ్లు పంపుతూనే ఉంటారు, మనం చూస్తూనే ఉంటాం. ఈ కొలతను ఎంటీయూ అంటారు. కంప్యూటరులో వైరుకొక ఎంటీయూ, వైఫైకొక ఎంటీయూ ఉంటాయి. ఇది మీరు చేయాల్సిన పని కాదు, "ఎంటీయూ చూసినావా నాయనా" అని అడిగితే చాలు. అట్లాగే వైరు ప్రాపర్టీసులో ప్రోటోకాల్ వెర్షన్ 6 అన్నదాని టిక్కు కాసేపు తీసి చూడండి. పాత రకం చిరునామాలు మొత్తం సుమారు 430 కోట్లే. 2011 ఫిబ్రవరి 3న వాటి ఆఖరి మూటలు కూడా పంచేసినారు. అందుకని కొత్త రకం వచ్చింది. ఆ కొత్త దారి సగం వేసి వదిలేసిన చోట కొన్ని సైట్లు తడబడతాయి. టిక్కు తీస్తే సైటు వచ్చిందంటే మళ్లీ టిక్కు పెట్టి, కనెక్షను వాళ్లకు ఆ మాటే చెప్పండి. బాగు చేయాల్సింది వాళ్లు.

చెప్పడం దగ్గరే మనకు చిక్కంతా. ఫోన్ చేస్తే "సార్ లేరామ్మా ఇంట్లో?" అంటారు. నాకు చాలాసార్లు ఎదురైంది. అప్పుడు కోప్పడకుండా కాగితం చూసి చదవండి: "మొబైల్ డేటా ఆపినాక కూడా ఫోనులో వైఫై మీద వస్తుంది. ఇదే కంప్యూటరుకు ఫోను తగిలిస్తే ఆ సైటు వస్తుంది. వైరు పెడితే రాదు. వైరు మార్చి చూసినాను, రంధ్రం మార్చి చూసినాను, అంకెలు ఆటోమేటిక్‌లోనే ఉన్నాయి. తెర మీద ఫలానా మాట వస్తుంది." ఇంత విన్నాక ఇంకెవరూ సార్‌ను అడగరు. ఫిర్యాదు నంబరు అడిగి తీసుకోండి, తారీఖు వేసి అదే కాగితం మీద రాసుకోండి.

ఎండాకాలం చివర్లో మన వైపు ఉరుములు మెరుపులతో గాలివానలొస్తాయి. గాజు తీగలో కరెంటు పారదు, కాబట్టి దానివల్ల పిడుగు భయం లేదు. కానీ డబ్బాకు కరెంటిచ్చే అడాప్టరూ, డబ్బా నుంచి కంప్యూటరుకు పోయే లాన్ వైరూ లోహమే. ఒక్కోసారి డబ్బా మొత్తం బాగుండి, వైరు పెట్టిన రంధ్రం మాత్రమే కాలిపోతుంది, వైఫై ఏమీ ఎరగనట్టు నడుస్తూనే ఉంటుంది. ఉరుము దూరంగా వినబడినప్పుడే ఆరేసిన బట్టలు తీసుకుంటూ ఆ రెండు వైర్లూ పీకెయ్యండి. తలమీద ఉరుముతున్నప్పుడు మాత్రం వాటిని ముట్టుకోకండి.